తేలిక నవల చదివితే తప్పేముంది?



పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మా పాప పుస్తకం ముట్టుకోదు మేడమ్, ఏం చదివించమంటారు?" జనరల్ నాలెడ్జ్ పుస్తకమో, మహనీయుల జీవిత చరిత్రో చెబుతానని చాలామంది అనుకుంటారు. నేను ఇంగ్లిష్ చెప్పే టీచర్‌ని. అయినా ఈ నెల సూచించేది తెలుగు నవలలే. అవి కూడా ముందు పిల్లలకు కాదు, మీకు.

యద్దనపూడి సులోచనారాణి గురించి మీ అమ్మగారినో అత్తగారినో అడిగి చూడండి. కృష్ణా జిల్లా కాజలో పుట్టిన ఆవిడను పాఠకులు 'నవలా దేశపు రాణి' అని పిలుచుకున్నారు. 1960ల్లో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చిన 'సెక్రటరీ' ఆవిడను ఇంటింటికీ చేర్చింది. మధ్యతరగతి అమ్మాయి జయంతి, ధనవంతుడైన రాజశేఖరం, వాళ్ల మధ్య ఉద్యోగం, అభిమానం, అపార్థాలు. అంతే కథ. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమాగా కూడా వచ్చింది. ఆ రోజుల్లో అద్దె పుస్తకాల షాపుల్లో ఇలాంటి నవలల కోసం వంతులు వేసుకునేవారు. సీరియల్ పేజీలు చింపి, బైండు చేయించి దాచుకున్న ఇళ్లు ఎన్నో.

తేలిక పుస్తకం ఏం నేర్పుతుంది?

చదివేటప్పుడు కళ్లు అక్షరాన్ని, మనసు అర్థాన్ని ఒకేసారి పట్టుకోవాలి. ప్రతి మాట దగ్గరా ఆగితే వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతాం. మన పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, తెలుగు పేజీ చేతికిస్తే కూడబలుక్కుంటారు. తేలిక నవలలో మాటలు తెలిసినవే, సంభాషణలు ఎక్కువ. తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం పేజీలు తిప్పిస్తుంది. అలా తిరిగిన పేజీలే వేగాన్నిస్తాయి. ఆగకుండా చదివే ఆ ఓపిక పరీక్షలో వచ్చే ఇంగ్లిష్ ప్యాసేజ్‌కీ పనికొస్తుంది.

"అదంతా ఊహాలోకం కదా?" అంటారు. నిజమే. పెద్ద కారు, బంగళా, ఎక్కువ మాట్లాడని అందగాడు మనకు రోజూ ఎదురుకారు. కానీ ఆఫీసు, వంట, ఈఎంఐల మధ్య ఒక గంట వేరే వాళ్ల ఇంట్లో తిరిగి రావడం కూడా విశ్రాంతే. కాకపోతే కళ్లు తెరుచుకుని తిరగాలి.

ఇంట్లో ఇలా చేయండి

1. రాత్రి భోజనాలయ్యాక ఇరవై నిమిషాలు ఫోన్లు వేరే గదిలో పెట్టండి. "చదువుకో" అనకండి. మీరు చదువుతూ కనిపించండి.

2. ఎనిమిదో తరగతి, ఆపై పిల్లలుంటే 'మీనా' తీసుకోండి. 1973లో విజయనిర్మల దర్శకత్వంలో సినిమా అయిన నవల ఇది. 2016 నాటి 'అ ఆ'లో దీని ఛాయలు కనిపిస్తాయి కాబట్టి పిల్లలకు కొత్తగా ఉండదు. ఒక సన్నివేశం గట్టిగా చదివి, సరిగ్గా మలుపు దగ్గర ఆపి, "మిగతాది రేపు" అనండి. సీరియల్ కిటుకు అదే.

3. సమ్మరీ రాయమనొద్దు. కబుర్లలా అడగండి: "కారూ బంగళా లేకపోతే ఈ హీరో నీకు నచ్చేవాడా?" "అతను కోప్పడినప్పుడు ఆ అమ్మాయి ఊరుకోవడం సరైందేనా?"

4. పుస్తకం నచ్చకపోతే పక్కన పెట్టేయనివ్వండి. ఇంకొకటి దొరుకుతుంది.

ఒక్క ప్రశ్న మాత్రం వదలొద్దు

'మీనా'లో తల్లికి కూతురంటే ప్రేమే. కానీ ఆ అమ్మాయికి ఏది మంచిదో అన్నీ తనే నిర్ణయిస్తుంది. పల్లెలో ఉన్న మేనమామ ఇంటికి వెళ్లాకే మీనాకు తన ఇష్టం ఏమిటో తెలిసొస్తుంది. ఆ భాగం అయ్యాక మీ పాపనో బాబునో నెమ్మదిగా అడగండి: "మన ఇంట్లో కూడా ఇలాగే ఉందా?"

జవాబు వెంటనే రాకపోవచ్చు, వచ్చినా మనకు నచ్చకపోవచ్చు. మధ్యలో అడ్డుపడకుండా వినండి. ఏ గ్రూపు తీసుకోవాలి, ఏ కోర్సులో చేరాలి అని మనమే తేల్చేసే వయసులో ఉన్న పిల్లలకు నేరుగా చెప్పలేని మాటను కథలోని పాత్ర మీద పెట్టి చెప్పడం సులువు. మార్కుల షీట్‌లో నేను ఎప్పటికీ చూపించలేని సంగతి అది.

వచ్చే నెల మీటింగ్‌లో మార్కుల కన్నా ముందు, మీరు ఎన్నో పేజీలో ఉన్నారో చెప్పండి.