సంచిలో గుప్పెడు పాత మట్టి



మిరప మానేసిన మెట్ట చేలో వేప, కానుగ, గట్ల మీద సుబాబుల్ వేస్తానన్నావు. మంచి ఆలోచన. నారు పెంచే పద్ధతి గురించి రాసింది చదివాకే దిగులేసింది. మిరప నారుమడికి చేసినట్టే సంచుల్లో డీఏపీ కలిపి, నారుకుళ్లు రాకుండా మందు నీళ్లు పోస్తూ ఉంటానన్నావు. చెట్టు మొక్కకు ఆ రెండూ వద్దమ్మా.

మన మట్టిలో భాస్వరం లేక కాదు, అది కదలకే ఇబ్బంది. నల్లరేగడిలో సున్నంతో, ఎర్రనేలలో ఇనుముతో కలిసి బిగుసుకుపోతుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది లాగేసుకున్నాక, అవతలిది ఇవతలికి రావడం బహు నెమ్మది. మైకోరైజా అనే శిలీంధ్రం ఆదుకునేది అక్కడే. అది వేరులోకి చొరబడి, వెంట్రుక కంటే ఎంతో సన్నని పోగులను బయటి మట్టిలోకి చాపుతుంది. అవి కొన్ని సెంటీమీటర్ల అవతల నుంచి భాస్వరం, జింకు తెచ్చిపెడతాయి. వేరు దూరలేని సందుల్లోని తడినీ అందుకుంటాయి. బదులుగా మొక్క ఆకుల్లో తయారైన చక్కెరలు, కొవ్వులు దానికి పెడుతుంది. డీఏపీలోని భాస్వరం దండిగా దొరికిన మొక్కకు ఈ ఇచ్చిపుచ్చుకోవడంతో పనిలేదు, శిలీంధ్రాన్ని అంతగా దగ్గరకు రానివ్వదు. సంచిలో ఏపుగానే ఎదుగుతుంది. చేలో పెట్టి నీళ్లు ఆపాక కష్టం తెలుస్తుంది. ఇక నారుకుళ్లుకని కార్బెండజిమ్ మందు మట్టిలో పోస్తే తెగులు బూజుతో పాటు ఈ మేలు చేసేదీ దెబ్బతింటుంది.

ఒంగోలు చుట్టుపక్కల కాగితం మిల్లుల కోసం సుబాబుల్ విస్తారంగా వేశారు కాబట్టి, అది ఎక్కడైనా బతుకుతుందని అనుకుంటాం. భాస్వరం తక్కువున్న మట్టిలో, ఈ శిలీంధ్రం లేకుండా పెంచితే అది గిడసబారిపోతుందని హవాయి శాస్త్రవేత్తలు చూపించారు. వేరు బుడిపెల్లో నత్రజని కట్టాలన్నా భాస్వరం కావాలి మరి.

నిజానికి మిరప, పత్తి రెండూ ఈ శిలీంధ్రంతో జతకట్టే పైర్లే. కానీ మీ చేను గడ్డిపోచ లేకుండా దున్ని దున్ని ఖాళీగా ఉంచారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నల్లనేలల్లో ఎక్కువకాలం బీడు పెట్టాక వేసిన పైరు ఎదగకపోతుంటే, టామ్సన్ అనే శాస్త్రవేత్త 1987లో కారణం చూపాడు. వేళ్లు లేక నేలలోని శిలీంధ్రం తగ్గిపోయింది. బతికున్న వేరు లేనిదే అది పెరగదు. కాబట్టి మీ చేలో దొరుకుతుందిలే అనుకోకు, సంచిలోనే అంటించి పంపాలి.

ప్యాకెట్లు కొనేకంటే నువ్వే తయారుచేసుకోవడం నాకిష్టం. గట్టు మీది ముసలి వేప కింద, పైన రాలిన ఆకులు తీసేసి, సన్నవేళ్లతో సహా జానెడు లోతు మట్టి తవ్వు. ఎండుతెగులు వచ్చిన మిరప చేను మట్టి మాత్రం ముట్టొద్దు, తెగులూ నులిపురుగులూ వెంట వస్తాయి. ఆ వేప మట్టిని చిన్న గుంటలో పోసి జొన్న చల్లు. పూత దాకా పెరగనిచ్చి, నీళ్లు ఆపి, కాండాలు కోసెయ్. జొన్న వేళ్లను ముక్కలు చేసి అదే మట్టిలో కలిపి నీడన ఆరబెట్టు. సంచి ముప్పాతిక వంతు నింపాక దీన్ని గుప్పెడు పరిచి, పైన కాస్త మట్టి కప్పి విత్తనం పెట్టు. దిగే వేరు ఆ పొరలోంచే పోవాలి, అందుకే అడుగున గానీ పైపైన గానీ చల్లొద్దు. బాగా చివికిన పశువుల ఎరువు కొద్దిగా చాలు. నారుకుళ్లు భయముంటే నీళ్లు తగ్గించు, సంచులకు చిల్లులు సరిగా పెట్టు.

అంటుకుందో లేదో కంటికి కనబడదు. రెండు నెలలకు నాలుగు సన్నవేళ్లు తీసి, బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుతున్న తమ్ముడికివ్వు. క్షారంలో ఉడికించి, వెనిగర్‌లో కలిపిన రాత సిరాలో నానబెట్టి సూక్ష్మదర్శిని కింద పెడితే, తేటపడిన వేరులో సిరా రంగు పోగులు, అక్కడక్కడా బుడగలు కనిపిస్తాయి. సిరాతో చూసే ఈ పద్ధతి 1998లో వచ్చింది. అవి చూశాక నీకే ధైర్యం వస్తుంది.

వానలు నిలకడగా పడ్డాకే నాటు. వరుసల మధ్య కంది వెయ్యి, నేలలో వేరు ఉంటుంది. మొక్కల పాదుల దగ్గరికి నాగలి రానివ్వకు, పోగులు తెగిపోతాయి. గుంట తవ్వే ముందు కబురు చెయ్, ఏ వేప కింద తవ్వాలో వచ్చి చూపిస్తాను.

పెదనాన్న