ఉప్పు బిడారు

ధర్మపురికి సముద్రం దూరం. అయినా ఉప్పు లేని వంట ఇక్కడ లేదు. రైళ్లు, లారీలు లేని కాలంలో ఆ ఉప్పు లోపలి సీమలకు ఎట్లా చేరేది?

తూర్పు తీరాన మరక్కాణం వంటి చోట్ల ఉప్పుమళ్లు ఉన్నాయి. అటునుండి పచ్చని వరిపొలాల మైదానం దాటి, చెంగం కనుమ గుండా మన బారామహలు సీమకు దారి ఉంది. దక్షిణాదిలో ఇటువంటి దారులలో ఉప్పు మోసినవారిలో లంబాడీలు ముఖ్యులు. ఎద్దుల వీపున పెరికెలు వేసి, ఆలుబిడ్డలతో బిడారుగా కదిలేవారు. ఎద్దులు దారి పొడుగునా మేస్తూ నడిచేవి. తిరుగు దారిలో ధాన్యం తీసుకొనిపోయేవారు. 1792లో శ్రీరంగపట్నాన్ని ముట్టడించిన కారన్‌వాలిసు సేనకు తిండిగింజలు చేర్చినవారిలోనూ వీరున్నారు. బిడారు విడిసిన చోటును తండా అనేవారు. నేడు వారి పల్లెలకు అదే పేరు.

రైళ్లు రాగా ఆ వ్యాపారం పోయింది. కష్టం అంతటితో తీరలేదు. పలు సంచార జాతులపై నేరముద్ర వేసిన 1871 నాటి చట్టం 1911లో మద్రాసు రాజధానికీ విస్తరించింది. ఆ ముద్ర లంబాడీలపైనా పడింది. 1952లో గాని దేశమంతటా ఆ చట్టం రద్దు కాలేదు.

ఉప్పు తిన్న ఇంటిని మరువరాదంటారు. ఉప్పు తెచ్చి పెట్టినవారినే లోకం దొంగలన్నది. ఒక జాతినంతటినీ నిందించడం ఎంత అన్యాయమో దీనివల్ల తెలుస్తుంది.

కొత్త పదాలు
బిడారు = సరకుతో కలిసి సాగే బాటసారుల గుంపు
పెరికె = ఎద్దు వీపున ఇరువైపులా వేలాడే జంట గోనె
కనుమ = కొండల నడుమ దారి

ప్రశ్నలు
1. లంబాడీల వ్యాపారం ఎందుకు పోయింది?
2. 'తండా' అనే మాట ఎట్లా వచ్చింది?
3. 1871 నాటి చట్టం ఎందుకు అన్యాయమైనది? మీ మాటల్లో వ్రాయండి.