వైద్యశాలల సిబ్బంది ఆరోగ్యము: సంవత్సరాంతమున సరిచూడవలసిన లెక్క

డిసెంబరు నెలలో రైతు కళ్ళములోని ధాన్యమును కొలిచి గాదెకు చేర్చును. విత్తనమునకు ఎంత, తిండికి ఎంత, అప్పు తీర్చుటకు ఎంత అని లెక్క వేసికొనును. వైద్యశాలలయందును సంవత్సరము ముగియు వేళ ఇట్టి లెక్కలే జరుగును. ఎన్ని కాన్పులు జరిగినవి, ఎందరు శిశువులకు టీకాలు వేసిరి, మందుల గదిలో నిల్వ యెంత మిగిలినది అను విషయములు పుస్తకములకెక్కును. అయితే ఆ పుస్తకములు వ్రాయువారి ఆరోగ్యము ఎట్లున్నది? పరులకు టీకా వేయు నర్సు తాను టీకా వేయించుకొనెనా? వార్డు ఊడ్చు కార్మికురాలికి గడచిన యేడాది ఎవరైన వైద్యపరీక్ష చేసిరా? ఈ ప్రశ్నలు తరచుగ మరుగుపడుచుండును.

సిబ్బంది యనగా డాక్టర్లు, నర్సులు మాత్రమే కారు. రక్తము పరీక్షించు ల్యాబు టెక్నీషియను, కాన్పు గదిలోని ఆయా, మురికి బట్టలు ఉతుకువారు, చెత్త మోయువారు, అంబులెన్సు డ్రైవరు, ఉపకేంద్రములోని ఏ.ఎన్.ఎం., ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్త, వీరందరును సిబ్బందియే. వీరి ఆరోగ్యమును కాపాడుట వీరికొరకు మాత్రమే కాదు. సిబ్బందిని అంటిన వ్యాధి రోగిని అంటును; రోగితో పాటు ఊరు చేరును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సెప్టెంబరు 17వ తేదీన జరిపిన రోగుల భద్రతా దినమునకు ఆరోగ్య సిబ్బంది భద్రతనే ముఖ్యాంశముగ ఎన్నుకొనుటకు ఇదియే కారణము.

ఒక పాత పాఠము

ఈ సత్యమును లోకము నేర్చికొన్న విధము తెలిసికొనదగినది. ఆస్ట్రియా దేశపు వియన్నా నగరములోని పెద్ద ఆసుపత్రియందు 1840 ప్రాంతమున బాలింతలు సూతికా జ్వరముతో అధికముగ మరణించుచుండిరి. వైద్య విద్యార్థులు పనిచేయు మొదటి ప్రసూతి విభాగములో 1846వ సంవత్సరమున నూటికి 11 మందికి పైగా చనిపోయిరి. అచ్చట పనిచేయుచున్న ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అను వైద్యునికి కారణము బోధపడలేదు.

1847 మార్చిలో అదే ఆసుపత్రిలోని కొల్లెట్ష్కా అను వైద్యుడు శవపరీక్ష సమయమున విద్యార్థి చేతి కత్తి తన వ్రేలికి గీసికొనగా, కొలది దినములలో మరణించెను. ఆయన శరీరములో కనిపించిన మార్పులును, బాలింతల శరీరములలోని మార్పులును ఒక్కటిగనే యుండెను. శవములను తాకిన చేతులే విషమును ప్రసూతి గదికి మోసికొని పోవుచున్నవని సెమ్మెల్‌వైస్ గ్రహించెను. 1847 మే నెల మొదలు క్లోరిను కలిపిన సున్నపు ద్రావణముతో చేతులు కడిగికొనిన పిమ్మటనే బాలింతలను పరీక్షింపవలెనని నియమము పెట్టెను. 1848లో మరణములు నూటికి రెండింటికంటె తక్కువకు దిగినవి.

వైద్యుని ప్రాణము తీసిన గాయమును, బాలింతల ప్రాణము తీసిన చేయియు ఒకే దోషమునకు రెండు ముఖములు. సిబ్బంది భద్రత వేరు, రోగి భద్రత వేరు అని భావింపరాదనుటకు ఇంతకంటె దృష్టాంతము అక్కరలేదు.

సూది పోటు

నేటి వైద్యశాలలో ఆ కత్తి స్థానమును సూది ఆక్రమించినది. ఉపయోగించిన సూది గుచ్చుకొనినచో ముఖ్యముగ మూడు వ్యాధులు సంక్రమింపవచ్చును. అవి హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. వీనిలో హెపటైటిస్ బి మిక్కిలి సులభముగ అంటును. ఈ వ్యాధి గల రోగికి వాడిన సూది, టీకా వేయించుకొనని వ్యక్తికి గుచ్చుకొనినచో, అట్టివారు నూరుగురిలో 6 మొదలు 30 మందికి వ్యాధి సోకవచ్చును. హెచ్.ఐ.వి. విషయమున ఇది వేయిమందిలో ముగ్గురికి మాత్రమే. హెపటైటిస్ బి క్రిమి ఎండిన రక్తపు మరకలో ఏడు దినములైనను సజీవముగ నుండగలదు. వ్యాధి ముదిరినచో కాలేయము గట్టిపడిపోవుటకును, కాలేయ కాన్సరుకును దారి తీయును.

సూది పోటులు అధికముగ జరుగునది సూది వేయునప్పుడు కాదు, వేసిన తరువాత. వాడిన సూదికి తిరిగి మూత పెట్టుట, సిరంజి నుండి చేతితో ఊడదీయుట, చెత్తబుట్టలో పారవేయుట ప్రమాదమునకు మూలములు. సూది వాడినవారే, వాడిన చోటనే, కట్టరుతో దానిని కత్తిరించి, గుచ్చుకొనని తెల్లని డబ్బాలో వేయవలెను. తాను వాడిన సూదిని ఇంకొకరు తీయుదురులే యని విడిచిపెట్టినచో, ఆ పోటు చెత్త మోయు కార్మికునికి తగులును. ఆతనికి అది ఏ రోగికి వాడిన సూదియో తెలియదు. చెప్పుకొనుటకు ధైర్యమును తరచుగ ఉండదు.

పోటు తగిలినప్పుడు చేయవలసినది ఇది. గాయమును వెంటనే పారునీటితోను, సబ్బుతోను కడుగవలెను. వ్రేలిని నోట పెట్టుకొనరాదు, గాయమును పిండరాదు, బ్లీచింగు ద్రావణము వంటి ఘాటైన మందులు పోయరాదు. కంటిలో రక్తము చిందినచో మంచినీటితో బాగుగ కడుగవలెను. పిమ్మట ఆలస్యము చేయక వైద్యాధికారికి తెలుపవలెను. హెచ్.ఐ.వి. సోకకుండుటకు ఇచ్చు మందులను వీలైనచో రెండు గంటలలోపల, ఎట్లైనను 72 గంటలు దాటకుండ ప్రారంభించి, 28 దినములు వాడవలెను. టీకా లేనివారికి హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబులిను ఇరువదినాలుగు గంటలలోపల ఇచ్చుట మంచిది. దానితో పాటు టీకాయు మొదలుపెట్టుదురు. హెపటైటిస్ సి వ్యాధికి టీకా లేదు గాని, సకాలమున పరీక్షించినచో నయము చేయగల మాత్రలు నేడు కలవు. సిగ్గుపడి దాచినవారికి ఈ సదుపాయములలో ఒక్కటియు అందదు. కావున పోటు తగిలెనని చెప్పినవారిని మందలింపక, చెప్పినందుకు మెచ్చుకొనుట పై అధికారుల ధర్మము.

టీకాల లెక్క

హెపటైటిస్ బి టీకాకును మన ప్రాంతమునకును సంబంధము కలదు. ఒకప్పుడు ఈ టీకా విదేశముల నుండి రావలసియుండెను. దాని ధర సామాన్యులకు అందుబాటులో లేకుండెను. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ, శ్రీ కె.ఐ. వరప్రసాదరెడ్డి నాయకత్వమున, భారతదేశములో తయారైన తొలి జన్యుసాంకేతిక హెపటైటిస్ బి టీకాను వెలువరించెను. 2011 నాటికి ఈ టీకా శిశువుల సార్వత్రిక టీకా కార్యక్రమములో దేశమంతట వ్యాపించినది. 2018 జులై 28వ తేదీన ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమము ఆరోగ్య సిబ్బందికి టీకా వేయుటను తన పనులలో చేర్చుకొనినది.

దీనినుండి గ్రహింపవలసినదేమి? నేడు నడివయస్సులో నున్న నర్సులు, ఆయాలు, కార్మికులు శైశవమున ఈ టీకా పొందినవారు కారు. ఉద్యోగమున చేరిన పిమ్మట వేయించుకొనినచోనే వారికి రక్షణ. టీకా మూడు మోతాదులు: మొదటిది వేసిన నెలకు రెండవది, ఆరవ నెలలో మూడవది. రెండు మోతాదులతో ఆగిపోయినవారు అనేకులుందురు. అట్టివారు మొదటినుండి ఆరంభింపనక్కరలేదు. మిగిలిన మోతాదు వేయించుకొనిన చాలును. చివరి మోతాదు పిమ్మట ఒకటి రెండు నెలలకు రక్తపరీక్ష చేయించినచో రక్షణ కలిగెనో లేదో తెలియును.

ధనుర్వాతము, కంఠసర్పి రెండింటికిని కలిపి ఇచ్చు టీ.డి. టీకా పదేండ్లకొకసారి అవసరము. ఫ్లూ వ్యాధి క్రిమి మాటిమాటికి రూపము మార్చుకొనును. అందువలన దాని టీకాను ఏటేట వేయించుకొనవలెను. తట్టు, రుబెల్లా, ఆటలమ్మ ఇంతవరకు రానివారును, టీకా పొందనివారును, ముఖ్యముగ ప్రసూతి, శిశు వార్డులలో పనిచేయువారు, వైద్యుని సలహా పొందుట మంచిది.

చేతులు, దగ్గు, విశ్రాంతి

చేతుల పరిశుభ్రతకు ఐదు సమయములు చెప్పబడినవి. రోగిని తాకుటకు ముందు, శుభ్రముగ నుంచవలసిన పని చేయుటకు ముందు, రక్తము మున్నగు ద్రవములు తగిలిన పిమ్మట, రోగిని తాకిన పిమ్మట, రోగి పరిసరములను తాకిన పిమ్మట. సబ్బుతో కడుగుటకు 40 మొదలు 60 సెకండ్లు, స్పిరిటు ద్రావణముతో రుద్దుకొనుటకు 20 మొదలు 30 సెకండ్లు పట్టును. చేతికి తొడుగులు వేసికొంటిమి గదా యని కడుగుట మానరాదు.

చలికాలమున తలుపులు, కిటికీలు మూసికొనుట వాడుక. క్షయ, ఫ్లూ, కోవిడ్ వంటి వ్యాధులు మూసిన గదిలోని గాలి ద్వారమున వ్యాపించును. రోగులు వేచియుండు గదిలో ఎదురెదురు కిటికీలు తెరచియుంచుట ఖర్చులేని ఔషధము. క్షయరోగుల చెంత పనిచేయువారు ముఖమునకు బిగువుగ నమరు ఎన్-95 మాస్కు ధరింపవలెను. రెండు వారములకు మించి దగ్గు ఉన్నచో సిబ్బంది తామును కఫపరీక్ష చేయించుకొనవలెను. పరులకు చెప్పు మాట తమకును వర్తించును. జ్వరముతో పనికి వచ్చుట కార్యదీక్ష అనిపించుకొనదు; అది బలహీనులైన రోగులకు అపాయము తెచ్చును.

కోవిడ్ నేర్పిన పాఠము తీవ్రమైనది. 2020 జనవరి మొదలు 2021 మే వరకు ప్రపంచమున 80 వేలు మొదలు లక్షా 80 వేల వరకు ఆరోగ్య సిబ్బంది ఆ వ్యాధికి బలియై యుందురని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసెను. 2021 జనవరి 16వ తేదీన మన దేశములో కోవిడ్ టీకా కార్యక్రమము ఆరంభమైనప్పుడు మొదట ఆరోగ్య సిబ్బందికే టీకా వేసిరి. కాపాడువారిని ముందు కాపాడవలెనను నీతి ఆనాడు ఆచరణకు వచ్చినది. అంటువ్యాధి లేని యేటను దానిని మరువరాదు.

చట్టము చెప్పునది

2016 నాటి జీవవైద్య వ్యర్థముల నిర్వహణ నియమములు ఈ విషయమును వైద్యశాల యజమాని ఇష్టమునకు విడువలేదు. వ్యర్థములతో పనిచేయు వారందరికిని హెపటైటిస్ బి, ధనుర్వాతము మున్నగు వ్యాధుల నివారణకు టీకాలు వేయింపవలెను. పనిలో చేరునప్పుడును, పిదప ఏడాదికొకసారియైనను వైద్యపరీక్ష చేయింపవలెను. తగిన తొడుగులు, మాస్కులు ఇచ్చి, పని నేర్పవలెను. పసుపు, ఎరుపు, తెలుపు, నీలము రంగుల డబ్బాలు పెట్టుట ఈ నియమములలో ఒక భాగము మాత్రమే. కాంట్రాక్టుపై పనిచేయువారు దీనికి వెలుపల నున్నవారని ఎవరును భావింపరాదు. సూదికి కాంట్రాక్టు తెలియదు.

గ్రామస్థుల వంతు

గ్రామవాసులు ఈ పనిలో తోడ్పడుటకు మూడు మార్గములు కలవు. మొదటిది, సూదిమందు వేయనిదే జబ్బు తగ్గదను పట్టుదల విడుచుట. మాత్రతో తగ్గు వ్యాధికి వేసిన ప్రతి సూదియు రోగికిని, వేసినవారికిని, చెత్త మోసినవారికిని అనవసరమైన అపాయము. రెండవది, ఇంటిలో మధుమేహమునకు ఇన్సులిను తీసికొనువారు సూదులను చెత్తలో పడవేయక, మందమైన ప్లాస్టిక్ డబ్బాలో మూతపెట్టి దాచి, ఆరోగ్య కేంద్రమున అడిగి వారు చెప్పిన చోట అప్పగించుట. పంచాయతీ పారిశుద్ధ్య కార్మికుని చేయియు చేయియే. మూడవది, ఆపద సమయమున కోపముతో సిబ్బందిపై చేయి చేసికొనకుండుట. 1897 నాటి అంటువ్యాధుల చట్టమును 2020లో సవరించినప్పుడు, అంటువ్యాధి కాలమున ఆరోగ్య సిబ్బందిపై దౌర్జన్యమునకు మూడు నెలలు మొదలు ఐదేండ్ల వరకు జైలుశిక్ష విధించిరి. శిక్షకు వెరచి కాక, తమ ఊరి మేలు కోరి ఈ నియమమును పాటించుట శ్రేష్ఠము.

సంవత్సరాంతమున వేసికొనవలసిన ప్రశ్నలు

1. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులును పూర్తియైనవా? తేదీలు కార్డుపై కలవా?
2. టీ.డి. టీకా వేయించుకొని పదేండ్లు దాటెనా? ఈ యేటి ఫ్లూ టీకా అందెనా?
3. వార్షిక వైద్యపరీక్ష జరిగెనా? రక్తపోటు, చక్కెర, దగ్గు విషయములు చూపించుకొంటిమా?
4. సూది పోటు తగిలినచో ఎవరికి చెప్పవలెనో, మందు ఎచ్చట దొరకునో, రాత్రివేళ కూడ, మనకందరికిని తెలియునా?
5. ఈ నాలుగు ప్రశ్నలను మన ఆయాను, మన పారిశుద్ధ్య కార్మికుని ఎవరైన అడిగిరా?

మొదటి నాలుగింటికి సరియైన సమాధానము చెప్పగల వైద్యశాలలు పెక్కులుండవచ్చును. ఐదవదానికి చెప్పగలిగినదే నిజముగ ఆరోగ్యవంతమైన వైద్యశాల. క్రొత్త సంవత్సరపు మొదటి వారములో ప్రతి ఆరోగ్య కేంద్రమును ఒక పూట ఇందుకు కేటాయించి, సిబ్బంది అందరి పేర్లు ఒక పట్టికలో వ్రాసి, కొరత ఉన్నచోట పూరింపవలెను. పండిన పంటను ఇంటికి చేర్చిన రైతు, చేను కాచిన కంచెను కూడ ఒకసారి తిరిగి చూచుకొనును గదా!