సంవత్సరీకానికి బొమ్మ అడిగితే

ఫ్లెక్సీలు వచ్చాక అద్దంకి చుట్టుపక్కల బోర్డులు రాసే ఆర్టిస్టులకు పని తగ్గింది. చేతిలో ఉన్న విద్య ఎక్కడికీ పోలేదు. దాంతో ఆయిల్ రంగుల్లో మనుషుల బొమ్మలు వేద్దామనుకునేవారికి ఈ నాలుగు మాటలు.

పోయిన నాన్న బొమ్మ కావాలని ఎవరైనా వస్తే "సంవత్సరీకం ఎప్పుడు?" అని ముందు అడగండి. ఎనామిల్ రాత్రికి రాత్రి ఆరుతుంది. అవిసె నూనె రంగు అలా కాదు, అది నీళ్లలా ఆవిరైపోదు, గాలిలో ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. పలచటి పూతకే రెండు మూడు రోజులు పడుతుంది, టైటానియం వైట్ మందంగా పడితే వారం దాటుతుంది. రెండు నెలల గడువు లేనిదే అడ్వాన్సు ముట్టుకోవద్దు. నేనొకసారి మూడు వారాల్లో ఇస్తానని మాటిచ్చి, తడి బొమ్మకే అద్దం బిగించి పంపాను. నుదుటి రంగంతా అద్దానికి అంటుకుంది. ఆ ఇంటి పెద్దావిడ ఏమీ అనలేదు, కొంగుతో అద్దం తుడవబోయింది. ఆయిల్ బొమ్మకు అసలు అద్దమే అక్కర్లేదు.

మొదటి పూత బర్న్ట్ అంబర్‌లో టర్పెంటైన్ కలిపి పలచగా, వెలుగునీడల వరకే. నూనె పాలు పై పూతల్లో పెంచండి. ఈ వరుస తిరగేస్తే బొమ్మ కొన్నేళ్లకు పగులుతుంది.

తెచ్చేది ఆధార్ కార్డు ఫొటోనో, పెళ్లి గుంపులో ఓ మూల ముఖమో. పెద్దది చేస్తే కళ్లు మసకబారతాయి. ఊహించి పూరించకండి. కొడుకునో కూతురినో ఎదురుగా కూర్చోబెట్టుకోండి, ముక్కూ చెవీ అక్కడ దొరకవచ్చు.

"కాస్త తెల్లగా వెయ్యండి" అంటారు. మిరప చేలో నలభై ఏళ్లు ఎండకు కాగిన ముఖమది. తెలుపు దట్టిస్తే బూడిద పూసినట్టుంటుంది, మనిషే మారిపోతాడు. నీడలకు నలుపు వద్దు, బర్న్ట్ అంబర్‌లో అల్ట్రామెరైన్ నీలం చాలు. వెలుగు పడ్డచోట బర్న్ట్ సియెన్నా, యెల్లో ఆకర్. ఒంటి రంగు ఎలా వేయాలో చూడాలంటే వీలు చూసుకుని రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లి రండి. ఆ చిత్రకారుడు బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదివి, 1925లో 28 నిండకుండానే పోయినవాడు. ఎదుట నిలబడి చూస్తే తెలిసేది పుస్తకంలో అచ్చు బొమ్మ చూస్తే తెలియదు.

కళ్లాల్లో మిరప దుమ్ము లేచే రోజుల్లో తడి బొమ్మను గోడవైపు తిప్పి వాల్చి పెట్టండి. నూనె తుడిచిన గుడ్డలు కుప్పేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పత్తి నిల్వ ఉన్న ఇల్లయితే మరీ భయం. నీళ్లలో ముంచి, ఆరుబయట విడివిడిగా పరచండి.

ఆరు నెలలకు వాళ్లింటికి వెళ్లి వార్నిష్ వేసి వస్తానని ఆర్డరు రోజే చెప్పి, ఆ కూలీ కూడా ధరలో కలుపుకోండి.