మెట్లు దిగినట్టు మానాలి: మత్తు మాత్రల చికిత్సపై ఒక పాఠం

ఈ సంచికకు చదువు గురించి రాయమని కమిటీ పెద్దలు అడిగారు. ప్రతి ఏడూ అదే రాస్తున్నాను. ఈసారి వేరే పాఠం చెబుతాను. ఇది నేను కూడా ఆలస్యంగా నేర్చుకున్న పాఠం.

కొన్నేళ్ల క్రితం నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రవాడు ఒకడు లారీ క్లీనరుగా చేరాడు. నడుముకు దెబ్బ తగిలితే మందుల షాపులో చీటీ లేకుండానే ట్రమడాల్ మాత్రలు ఇచ్చారు. నొప్పి పోయింది గాని మాత్రలు పోలేదు. రోజుకు రెండుతో మొదలై స్ట్రిప్పులకు స్ట్రిప్పులు మింగే స్థితికి, అక్కడి నుంచి ఇంజెక్షన్లలోకి దిగాడు. వాళ్లమ్మ మా ఇంటికొచ్చి ఏడిస్తే, నలుగురం చందాలు వేసుకొని ఒక ప్రైవేటు సెంటరులో నెల రోజులు పెట్టించాం. అక్కడ అన్నీ ఒక్కసారిగా ఆపేశారు. నెల తిరిగేసరికి కాస్త ఒళ్లు చేసి, శుభ్రంగా ఇంటికి వచ్చాడు. మన డబ్బు సద్వినియోగమైందని సంతోషించాం. మూడు వారాలు గడవకముందే, ఒక రాత్రి పాత మోతాదే తీసుకున్నాడు. తెల్లవారాక లేవలేదు.

"ఎంత చేసినా వాడికి బుద్ధి రాలేదు" అనుకున్నాం. ఆ మాట తప్పని తరువాత ఒక మానసిక వైద్యుడు విడమరచి చెప్పారు. మేం డబ్బు ఇచ్చాం గాని, దేనికి ఇవ్వాలో తెలియకుండా ఇచ్చాం. దానం చేసే చేతులకు ఈ సంగతి తెలిసి ఉండాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఓపియాయిడ్లు అంటే ఏమిటి?

గసగసాల కాయకు గాటు పెడితే కారే పాలు గడ్డకడితే నల్లమందు. దాని నుంచి మార్ఫిన్, కోడీన్ వస్తాయి. మార్ఫిన్ నుంచి హెరాయిన్ తయారవుతుంది. ట్రమడాల్, మెథడోన్ వంటివి ఫ్యాక్టరీలో తయారైనవి. వీటన్నిటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. ఇవి స్వతహాగా చెడ్డవి కావు. క్యాన్సర్ నొప్పికి, పెద్ద ఆపరేషన్ల తరువాత మార్ఫిన్‌ను మించిన ఆసరా లేదు. డాక్టరు చీటీ ప్రకారం వాడుతున్న రోగి చేతిలోని మాత్రను "అలవాటవుతుంది" అని లాక్కోవడం కూడా పాపమే.

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు జరిపిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడింది. దేశంలో సుమారు 2.26 కోట్ల మంది ఏదో ఒక ఓపియాయిడ్ వాడుతున్నారని అందులో తేలింది. మొదటి స్థానం హెరాయిన్‌ది, రెండోది మందుల షాపు మాత్రలు, ఇంజెక్షన్లది, మూడోది నల్లమందుది. కాబట్టి ఇది ఎక్కడో సరిహద్దు రాష్ట్రాల గొడవ అని అనుకోవద్దు. మన వీధి చివర షాపులోనూ దీని తలుపు ఉంది.

ఒక్కసారిగా ఆపితే ఏమవుతుంది?

మెదడులో ఈ మందులు వచ్చి కూర్చునే చోట్లు కొన్ని ఉన్నాయి. వాటిని గ్రాహకాలు అంటారు. నెలల తరబడి మందు పడుతుంటే మెదడు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. నిన్నటి మోతాదు ఇవాళ చాలదు. మందు అందకపోతే శరీరం తిరగబడుతుంది. హెరాయిన్ వంటి త్వరగా దిగిపోయే మందైతే 8 నుంచి 12 గంటల్లో ఒళ్లునొప్పులు, కళ్లూ ముక్కూ కారడం, ఆవలింతలు, చెమటలు, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. రెండు మూడు రోజుల్లో తారస్థాయికి చేరి, వారం పది రోజులకు తగ్గుముఖం పడతాయి. నిద్ర పట్టకపోవడం, దిగులు, మందు మీద యావ మాత్రం వారాలు, నెలలు ఉంటాయి.

అంటే ఆ నెల రోజుల్లో మా కుర్రవాడి ఒంట్లోని బాధ తగ్గింది గాని, మనసులోని యావ తగ్గలేదు. అంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటి జరిగింది. మందు లేకుండా నెల గడిచేసరికి, పాత మోతాదును తట్టుకునే శక్తి శరీరానికి పోయింది. ఒకప్పుడు మామూలైన మోతాదే ఇప్పుడు ఊపిరి ఆపేసింది. జైలు నుంచి, సెంటరు నుంచి బయటికి వచ్చిన మొదటి వారాలే ఈ రోగులకు అత్యంత గండమని వైద్యులు అంటారు. మేము పండగ చేసుకున్న రోజులే వాడికి గండం రోజులు.

నిదానంగా దిగే మందు

మేడ మీద ఉన్నవాడిని "దిగు" అని అరిస్తే దూకుతాడు. మెట్లు చూపిస్తే నడిచి దిగుతాడు. ఆ మెట్ల వంటివే మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ అనే రెండు మందులు.

1960ల మధ్యలో న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే ఇద్దరు వైద్యులు హెరాయిన్ రోగులకు రోజుకు ఒకసారి మెథడోన్ ఇచ్చి చూశారు. యావ తగ్గి, మనుషులు మళ్లీ పనుల్లో పడ్డారు. 1965లో వారు ఆ ఫలితాలు ప్రకటించారు. తరువాత బ్యుప్రెనార్ఫిన్ వచ్చింది. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండింటినీ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

ఇవి కూడా ఓపియాయిడ్లే. తేడా ఎక్కడంటే, హెరాయిన్ కొన్ని గంటల్లోనే ఎక్కి దిగిపోతుంది. ఇవి నిదానంగా ఎక్కి, రోజంతా నిలకడగా ఉంటాయి. అందుచేత ఊగిసలాట ఉండదు. బ్యుప్రెనార్ఫిన్‌కు ఇంకొక గుణం ఉంది. ఒక హద్దు దాటాక మోతాదు పెంచినా దాని మత్తు, ఊపిరిని అణచే గుణం అంతగా పెరగవు. దీన్ని మింగకూడదు, నాలుక కింద పెట్టుకొని కరగనివ్వాలి. ఇంజెక్షన్‌గా దుర్వినియోగం చేయకుండా నలాక్సోన్ అనే విరుగుడును ఇందులో నాలుగింట ఒక వంతు కలిపి ఇస్తారు.

మొదటి డోసు వేళ ముఖ్యం. ఒంట్లో హెరాయిన్ ఇంకా ఉండగా బ్యుప్రెనార్ఫిన్ ఇస్తే, అది హెరాయిన్‌ను తోసేసి ఒక్కసారిగా బాధ తెప్పిస్తుంది. అందుకే వైద్యులు నాడి, చెమట, కంటిపాప, వణుకు వంటి 11 అంశాలకు మార్కులు వేసి, లక్షణాలు మొదలయ్యాయని తేలాకే మొదటి మాత్ర ఇస్తారు. మెథడోన్‌తో జాగ్రత్త వేరు. అది ఒంట్లో పేరుకుంటుంది కనుక తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. ఇవి ఇంట్లో చేసుకునే ప్రయోగాలు కావు.

తగ్గించడం ఎలా?

ముందు నిలబడాలి, తరువాతే దిగాలి. సరైన మోతాదు కుదిరి, యావ లేక, నిద్ర, తిండి, పని, ఇంటి సంబంధాలు గాడిలో పడాలి. దానికి నెలలు పట్టవచ్చు, ఏళ్లూ పట్టవచ్చు. ఆ తరువాత రోగి తానుగా కోరుకుంటే, డాక్టరు మోతాదును కొంచెం తగ్గించి, కొన్ని వారాలు ఆగి చూసి, మళ్లీ కొంచెం తగ్గిస్తారు. చివరి మెట్లు మరీ చిన్నవిగా ఉండాలి. మధ్యలో యావ తిరిగొస్తే అక్కడే ఆగుతారు, లేదా ఒక మెట్టు పైకి వెళతారు. అది ఓటమి కాదు. లెక్క తప్పిన పిల్లవాడికి దాన్నే మళ్లీ చేయించడం లాంటిది.

నొప్పికి ఏడాదికి పైగా ఓపియాయిడ్ మాత్రలు వాడుతున్నవారికి కూడా ఇదే నీతి. నెలకు పదింట ఒక వంతు, లేదా అంతకంటే నెమ్మదిగా తగ్గించడం మేలని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లో చెప్పింది. గర్భిణి అయితే హఠాత్తుగా అసలే ఆపకూడదు. ఆమెకూ ఈ మందులతోనే చికిత్స చేస్తారు.

ఈ చికిత్సలో ఉన్నవారు మద్యం, నిద్రమాత్రలు కలపకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. ఇంటికిచ్చిన మాత్రలు పిల్లలకు అందని చోట తాళం వేసి దాచాలి. రంజాన్ నెలలో ఉపవాసం ఉండదలచినవారు మందు వేళ గురించి ముందుగానే డాక్టరును అడగాలి. తమంతట తాము ఆపకూడదు.

"ఒక మత్తు పోయి ఇంకో మత్తా మాస్టారూ?"

ఈ ప్రశ్న మన దాతల్లోనే ఒక పెద్దాయన నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేను ఆయనను తిరిగి అడిగాను: "మీరు షుగరుకు మాత్ర ఎన్నేళ్లుగా వేసుకుంటున్నారు చాచా?" "పదిహేనేళ్లు" అన్నారు. "దానికి బానిసయ్యారని ఎవరైనా అన్నారా?" ఆయన నవ్వి ఊరుకున్నారు.

తేడా మనిషి బతుకులో కనిపిస్తుంది. మత్తులో ఉన్నవాడు రోజంతా మందు వెతుక్కుంటాడు. చికిత్సలో ఉన్నవాడు ఉదయం మాత్ర వేసుకొని పనికి పోతాడు. ఈ మందులు వాడుతున్నంత కాలం మరణాలు దాదాపు సగానికి తగ్గుతున్నాయని అనేక దేశాల పరిశోధనలు చూపాయి. సూదులు పంచుకోవడం తగ్గి, హెచ్ఐవీ, కాలేయ వ్యాధులు కూడా తగ్గుతాయి. తొందరపెట్టి ఆపిస్తే ఎక్కువ మంది మళ్లీ పాతదారి పడతారు. అందుకే చికిత్సకు గడువు పెట్టకూడదు. మందుతో పాటు కౌన్సెలింగు, కుటుంబం తోడు, పని ఉండాలి.

మన దేశంలో దారులు

ఇంజెక్షన్ల ద్వారా మత్తు తీసుకునేవారికి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కేంద్రాల్లో ఈ మందు ఉచితం. సాధారణంగా రోజూ వెళ్లి, సిబ్బంది కళ్లెదుట వేసుకోవాలి. ఇతరులు ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల మానసిక వైద్య విభాగాల్లో అడగవచ్చు. జాతీయ డి-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు, టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

పోలీసుల భయంతో చాలామంది దాక్కుంటారు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. మత్తుకు అలవాటుపడినవాడు సొంత వాడకం లేదా కొద్దిపాటి మోతాదు కేసులో స్వచ్ఛందంగా చికిత్స కోరి, దాన్ని పూర్తిచేస్తే శిక్ష నుంచి రక్షణ కల్పిస్తుంది. అలాగే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. కొట్టి, కట్టేసి మాన్పిస్తామనే చోటికి మన చందా పోకూడదు.

దాతలకు మనవి

మందు ఉచితమైతే ఇక డబ్బెందుకు అని మీరు అడగవచ్చు. రోజూ కేంద్రానికి పోయి రావడానికి బస్సు చార్జీ కావాలి. అందుకు పోగొట్టుకునే సగం రోజు కూలి కావాలి. ఈ రెండింటి దగ్గరే చాలామంది చికిత్స మధ్యలో వదిలేస్తారు. ఆ ఇంటి పిల్లల ఫీజు, ఒక నెల సరుకులు, కోలుకున్నవాడికి ఒక తోపుడు బండి లేదా కుట్టు మిషను, ఇవన్నీ చికిత్సలో భాగాలే.

ఇంకొక కోరిక. సాయం చేసిన ప్రతిచోటా "ఎప్పటికి మానేస్తాడు?" అని అడగకండి. "ఈ నెల క్రమం తప్పకుండా వెళ్లాడా? పనికి పోతున్నాడా?" అని అడగండి. సెంటరుకు ఒకేసారి కట్టే పెద్ద మొత్తం కంటే, ఏడాది పొడుగునా నెలనెలా అందే చిన్న మొత్తం ఇక్కడ ఎక్కువ ప్రాణాలు నిలబెడుతుంది.

ఆ కుర్రవాడి తల్లి ఇప్పటికీ మా వీధిలోనే ఉంటుంది. ఎదురైతే "సార్, మీరు చేయాల్సింది చేశారు" అంటుంది. ఆమె పెద్ద మనసుతో అంటుంది. చేయాల్సింది ఏమిటో అప్పుడు మాకు తెలియదు. ఇప్పుడు తెలుసు. ఇంకో తల్లి వచ్చి తలుపు తట్టినప్పుడు మనం తెలిసి సాయం చేద్దాం.