బఠాణీలును రక్తములోని చక్కెరయు

మధుమేహరోగముగల పెద్దలున్న యింట "అన్నము తగ్గించి బఠాణీలు తినుడు" అను మాట తరచుగా వినబడుచుండును. మంచి మాటయే. అయినను ఏ బఠాణీలు, ఎట్లు వండినవి, దేనికి బదులుగా తినవలెనో యెరుగనిచో దానివలన ప్రయోజనము స్వల్పము.

1981వ సంవత్సరమున కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ జెంకిన్సుగారును వారి సహచరులును, ఏ యాహారము రక్తములోని చక్కెర నెంతగా హెచ్చించునో కొలిచి, గ్లైసిమిక్ సూచిక యను అంకెలతో ప్రకటించిరి. గ్లూకోజునకు 100. అంకె 55కు మించనిచో మేలు. తెల్లబియ్యపు అన్నము సాధారణముగా 70 దాటును. ఉడికించిన పచ్చిబఠాణీలు ఇంచుమించు 50. ఎండుబఠాణీల పప్పు 30 ప్రాంతముననే నిలుచును.

ఇట్లేల? గింజలోని పిండిపదార్థము పీచుగోడలుగల కణములలో బంధింపబడి యుండును. జీర్ణరసములు లోనికి చొచ్చుటకు కాలము పట్టును. విసరినచో ఆ గోడలు పగులును. గావున బఠాణీ గుగ్గిళ్ళును, బఠాణీపిండి జంతికలును ఒక్కటి కావు. జంతికలకు నూనెయు తోడగును. సాయంకాలము విజయనగరము గంటస్తంభము చెంత అమ్ము చాటులో గింజ రూపుమాయునట్లు ఉడికి, బంగాళదుంపతో మెదిగి, తీపిచట్నీతో కలియును. బఠాణీయే గదా యని రెండవ పళ్ళెము కోరుట తగదు.

అన్నము ఎప్పటియంతే వడ్డించుకొని దానిపై బఠాణీకూర వేసికొనువారిని మేము పెక్కుమందిని చూచితిమి. అట్లైన మొత్తము పిండిపదార్థము పెరుగునే గాని తరగదు. గరిటెడు అన్నము తీసివేసి ఆ చోట గుగ్గిళ్ళు పెట్టుకొనవలెను. బఠాణీలే కావలయునను నియమము లేదు. వరికోత పిమ్మట మన పొలములలో పండు పెసలును, మెట్టభూముల ఉలవలును ఈ పనినే చేయును. ఉలవలను పశువుల దాణాయని చిన్నచూపు చూచుట మాకు సమ్మతము కాదు.

ఉద్దానము గ్రామములలో మూత్రపిండవ్యాధి విస్తారముగా గలదు. అట్టి రోగులకు పప్పుగింజలలోని పొటాషియమును మాంసకృత్తులును మితిమీరినచో హాని కలుగవచ్చును. వైద్యుని యడిగియే తినవలెను. ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించు మాత్రలు గాని వాడువారు తమంతట తాము ఒక్కమారుగా అన్నము తగ్గింపరాదు; చక్కెర మిక్కిలి పడిపోయి చెమటయు వణుకును పుట్టవచ్చును. విద్యార్థులారా, ఇంట నట్టి లక్షణములు కనబడినచో, రోగి స్పృహతో నుండి మ్రింగగలిగినంతవరకే, వెంటనే చక్కెరనీరు త్రాగించి పెద్దలను పిలువుడు. అప్పుడు గుగ్గిళ్ళు పెట్టి ప్రయోజనము లేదు. అవి మెల్లగా జీర్ణమగును.