కోకో పొట్టు తౌడు వంటిది కాదు



నాగోలుకు కొద్ది కిలోమీటర్ల దూరములో మలక్‌పేట గుర్రపు పందెముల మైదానము గలదు. అంతర్జాతీయ పందెపు నిబంధనల ప్రకారము గుర్రపు మూత్రములో థియోబ్రోమిన్ మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాములు మించరాదు. చాక్లెట్టుకు చేదునిచ్చు పదార్థములలో ఇది ముఖ్యమైనది. దాణాలో కోకో పొట్టు కలిసినను ఇది మూత్రములో బయటపడును. పందెపు గుర్రముల సంగతి మనకేల అందురేమో! ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాలలో కొబ్బరి తోటలందు అంతరపంటగా కోకో వేసిన వారికి ఇది ఇంటి సంగతియే.

ఎండిన కోకో గింజలో థియోబ్రోమిన్ సుమారు 1 నుండి 2 శాతము వరకు ఉండును. కాఫీలోని కెఫీన్ కూడ ఇందులో గలదు గాని చాల స్వల్పము. ఈ రెండును ఒకే జాతివి. కెఫీన్ నిద్రను చెదరగొట్టును. థియోబ్రోమిన్ మెదడుపై అంతగా పనిచేయక గుండెను, మూత్రపిండములను ప్రేరేపించును. పేరు చూచి ఇందులో బ్రోమిన్ ఉన్నదని భ్రమపడవద్దు, లేదు.

మీరు గింజలను పెట్టెలలో పులియబెట్టునప్పుడు పప్పులోని థియోబ్రోమిన్ కొంత పైపొట్టులోనికి దిగును. అందువలన పప్పులో చేదు తగ్గును, పొట్టులో పెరుగును. కొనువారికి ఇది మేలే. కాని వేయించి ఒలిచిన పొట్టు చవుకగా దొరికినదని తౌడుకు బదులు దాణాలో కలుపుట ప్రమాదము. నెమరువేయు పెద్ద పశువులు కొంత తట్టుకొనును. దూడలకు, గుర్రములకు, కోళ్లకు పెట్టనే రాదు.

అన్నిటికంటె భయము కుక్కకు. మనిషి రక్తములో ఈ పదార్థము సగమగుటకు సుమారు 7 నుండి 10 గంటలు పట్టును, కుక్కలో 17 గంటలకు పైగా పట్టును. శరీరపు బరువులో కిలోకు 20 మిల్లీగ్రాములు చేరగానే వాంతులు, దప్పిక, అశాంతి కనబడవచ్చును. 60 చేరినచో మూర్ఛలు రాగలవు. లెక్క చూడుడు. ఎండుగింజ సుమారు ఒక గ్రాము బరువుండును. అందులో ఒక శాతమనుకొన్నను 10 మిల్లీగ్రాములు. పది కిలోల కుక్కకు ఇరువది గింజలు చాలును! కళ్లములో ఆరబోసిన రాశివద్ద కాపలా కుక్కను వదలువారు ఇది గమనించవలెను.

ఎండబోసిన చోట చుట్టును వల కట్టుడు. పొట్టును ఎరువు గుంటలో వేయుడు, గుంటపై మట్టి కప్పుడు. కాయ డొప్పలలో పొటాష్ మెండు. వానిని చెట్లక్రింద కుప్పగా వదలక కుళ్లబెట్టి ఎరువు చేయుడు, లేనిచో కాయకుళ్లు తెగులు అందు నిలుచును. కుక్క గింజలు తిన్నదని తెలిసినచో గుర్తులకై వేచియుండక, ఎన్ని తిన్నదో అంచనా వేసి వెంటనే పశువైద్యుని వద్దకు కొనిపోవుడు.